తెల్లరంగు మీద పసుపు మరకలా? తప్పు రంగుది కాదు!

మిర్చి టిక్కీలు యార్డుకెళ్లి, పత్తి డబ్బు కూడా చేతికొచ్చాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇళ్లకు కళ వస్తుంది. పెళ్లిళ్లు ఆ రోజుల్లోనే. గోడలకు సున్నాలూ రంగులూ ఆ రోజుల్లోనే. ఆ వరసలోనే వెనక వసారాలో మూలన పడున్న తాతలనాటి చెక్క బీరువా మీదికి చూపు మళ్లుతుంది. 'దీనికి ఇంత తెల్లరంగు కొడితే కొత్తదానిలా ఉంటుంది. అమ్మాయి కాపురానికి పంపొచ్చు' అనుకుంటారు. వేయిస్తారు. మొదటిరోజు మల్లెపువ్వులా మెరిసిపోతుంది. వారం తిరక్కుండానే తలుపుల మీద టీ ఒలికినట్టు మరకలు! ఇంకో కోటు వేయిస్తారు. మళ్లీ అవే మరకలు. ఇక పెయింటరుకి మూడినట్టే. 'కల్తీ రంగు తెచ్చావు, నీళ్లు కలిపావు' అంటూ మొదలై, కూలి డబ్బులు సగానికి కోసేదాకా పోతుంది వ్యవహారం.

పాపం, చాలాసార్లు అతని తప్పేం ఉండదు. ఆ మరక డబ్బాలోంచి వచ్చింది కాదు, కర్రలోంచి వచ్చింది. ఎన్ని కోట్లు వేసినా పోదు. రంగు వేయకముందే దాన్ని ఆపాలి.

మంచి కర్రను ఎలా ఎంచుతారు? చేవ చూసి. చేవ ఉన్న కర్రకు చెద పట్టదు, పుచ్చదు. అందుకు కారణం చేవలో దాగున్న నూనెలు, రంగు పదార్థాలు, వగరు పదార్థాలు. చెదను దూరంగా ఉంచేవీ, మీ తెల్లరంగును పాడుచేసేవీ దాదాపు ఇవే. అంటే బీరువా ఎంత మంచి కర్రతో చేసిందైతే మరకల బెడద అంత ఎక్కువన్నమాట!

ఈ వగరునే ఇంగ్లిషులో టానిన్ అంటారు. వంటింట్లో రోజూ చూస్తున్నదే. కూర అరటికాయ తరిగితే చేతివేళ్లూ కత్తిపీటా నల్లబడవూ? వగరుకు ఇనుము తోడైతే నలుపు పుడుతుంది. కలంకారీ పనివాళ్లు కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టిన ద్రావణంతో నల్లగీతలు గీసేది ఈ సూత్రం మీదే. పాత బీరువాలో మేకు దిగినచోటల్లా చుట్టూ నల్లటి వలయం కనిపించేదీ ఇందుకే.

అన్ని కర్రలూ ఒకలా ఉండవు. నల్లతుమ్మ వగరుకు పెట్టింది పేరు. దాని బెరడుతో తోళ్లు ఊనుతారు మరి. టేకుది నూనె స్వభావం. ఎనామిల్‌ను ఓ పట్టాన ఆరనివ్వదు, పైగా లేత గోధుమరంగు వదులుతుంది. అన్నిటికంటే గడుసుది యేగిస. నల్లమల అంచు ఊళ్లలో పాత ఇళ్ల గుమ్మాలకూ మంచాలకూ వాడిన కర్ర ఇది. షుగరు తగ్గుతుందని కొందరు దీనితో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉదయం తాగుతారే, అదే! తగ్గుతుందో లేదో డాక్టర్లను అడగాల్సిన సంగతి. మనకు కావలసింది ఆ నీళ్ల రంగు. ఒక్క రాత్రికే గోధుమరంగుకు తిరుగుతాయి. ఉత్త నీళ్లకే అంత రంగు వదిలే కర్రకు, నీళ్లతో కలిపే తెల్లరంగు నేరుగా పూస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? వాసన రాదని, తొందరగా ఆరుతుందని ఇలాంటి రంగులు ఇప్పుడు చాలామంది కోరుకుంటున్నారు. అందులోని నీళ్లు వగరును కరిగిస్తాయి. ఆరేటప్పుడు నీటితో పాటు అదీ పైకి తేలుతుంది. నీళ్లు ఎగిరిపోతాయి, మరక మిగిలిపోతుంది.

మరకలన్నీ కర్రవే అనుకోనక్కర్లేదు. కొన్ని మనం పెట్టినవీ ఉంటాయి. వెనకటి పాలిష్ పనివాళ్లు ఎర్ర రంగుపొడిని స్పిరిట్‌లో కలిపి మామూలు కర్రకు నూకమాను కళ తెచ్చేవారు. అలాంటి బీరువాకు తెల్లరంగు వేస్తే గులాబీరంగు తేలుతుంది. పూజగది తలుపులకూ గుమ్మాలకూ ఏళ్ల తరబడి రాసిన పసుపు ఉండనే ఉంది. అది నీళ్లలో పెద్దగా కరగదు కానీ నూనెలో, స్పిరిట్‌లో చక్కగా కరుగుతుంది. అందుకే నూనె రంగులోకి ఎక్కి వస్తుంది. (చాకలి సోడాతో కడిగేటప్పుడు గుమ్మం ఒక్కసారిగా ఎర్రబడితే కంగారు పడకండి. పసుపుకు సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ.) ఇక ఆవకాయ జాడీ ఏళ్లపాటు కూర్చున్న అర సంగతి సరేసరి. గుంటూరు కారం ఎరుపు నూనెతో కలిసి చెక్కలోకి ఇంకిపోయి ఉంటుంది.

అన్నట్టు, ఇంకో పసుపు కూడా ఉంది. తెల్ల ఎనామిల్ వేసిన ఏడాదికో రెండేళ్లకో, ముఖ్యంగా వెలుతురు తగలని గదిలో, అంతటా సమానంగా పసుపు తిరుగుతుంది. అది ఆ రంగు స్వభావం, కర్రకు సంబంధం లేదు. రోజుల్లోనే మచ్చలు మచ్చలుగా, గీతలు గీతలుగా తేలితేనే కర్రను అనుమానించండి.

రంగు డబ్బా కొనేముందు చిన్న పరీక్ష చేసుకుంటే డబ్బు మిగులుతుంది. బీరువా వెనకవైపు, పాత పూత గీకిన చోట తడి దూది పదినిమిషాలు అద్ది ఉంచండి. దూది టీరంగుకు మారితే అది వగరు. పక్కనే స్పిరిట్‌తో తడిపిన దూదితో రుద్దండి. ఎరుపో పసుపో అంటితే పాత రంగుపొడి లేదా పసుపు ఉన్నట్టు. అప్పటికీ సందేహంగా ఉంటే, వేయబోయే రంగునే అరచేతి మేర పూసి మూడురోజులు ఆగండి.

ఇక మందు. దాని పేరు లక్క! పాండవుల కథలోని లక్క, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్క, హైదరాబాద్ లాడ్‌బజార్ గాజుల లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఓ చిన్న పురుగు విసర్జించే జిగురు. మన దేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎక్కువగా సేకరిస్తారు. దీని మీద పరిశోధనకు రాంచీ దగ్గర 1924లోనే ఓ సంస్థ పెట్టారు. పాత గ్రామఫోన్ ప్లేట్లలో ఉన్నదీ ఇదే. శుద్ధిచేసి పలుకులుగా అమ్మే ఈ లక్కను స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చేదే పాలిష్ పనివాళ్ల లక్క పాలిష్. ఇది ఆరాక నీళ్లలోనూ టర్పెంటైన్‌లోనూ కరగదు. కాబట్టి కింది మరక పైకి రాదు, పై రంగులోని తడి కిందికి దిగదు. మధ్యలో గోడ కట్టినట్టన్నమాట. మరకలు ఆపే ప్రైమర్లు డబ్బాల్లో తయారుగా దొరుకుతున్నాయి కానీ, ఒక్క బీరువాకైతే లక్క చాలు.

పావులీటరు స్పిరిట్‌కు 50 గ్రాముల పలుకులు. గాజుసీసాలో వేసి మూతపెట్టి, అప్పుడప్పుడు కుదుపుతూ ఒక రోజు ఉంచాలి. మామూలు లక్కలో కొద్దిగా మైనం ఉంటుంది. అది ఉంటే పై రంగు సరిగా పట్టదు. సీసాను కదపకుండా ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది. పైన తేరినదాన్ని మెల్లగా వంపుకోవాలి. మైనం తీసిన పలుకులే దొరికితే ఆ పనీ ఉండదు. ఎప్పుడో కలిపి దాచిన పాలిష్ వాడబోతే ముందు గాజు మీద ఒక చుక్క వేసి చూడండి. మర్నాటికీ జిగటగా ఉంటే పారబోయడమే. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, పైగా విషం. పొయ్యి ఉన్న గదిలో వద్దు, పిల్లలకు అందేచోట వద్దు.

పూసేముందు శుభ్రం చేయడంలోనే సగం పని ఉంది. సబ్బునీళ్లతో జిడ్డు పోయేలా తుడిచి, రెండురోజులు ఆరనివ్వాలి. పసుపు ఉన్నచోట స్పిరిట్ గుడ్డతో తుడిచి కాసేపు ఎండ చూపితే చాలామటుకు వెలిసిపోతుంది. నూనె మరక మీద సుద్దపొడి ముద్దగా పెట్టి, ఆరాక గీకేయండి. రెండు మూడుసార్లు పెట్టాల్సి రావచ్చు. బయటకు కనిపించే మేకు తలలను లోపలికి దిగ్గొట్టి, వాటికి ఐరన్ ప్రైమర్ అద్ది, పైన లప్పం పెట్టాలి. లేకపోతే నలుపు మళ్లీ వస్తుంది. పాత రంగు ఉంటే ఒక జాగ్రత్త. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 చివరి నుంచి అమలైంది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ ధూళి పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి.

పత్తి ఉండ మీద పాత మెత్తటి ధోవతి గుడ్డ చుట్టి, లక్కలో ముంచి, కర్ర వాలు వెంట ఒకే ఊపున లాగాలి. అక్కడే అటూ ఇటూ రుద్దకూడదు. ఎర్ర రంగుపొడి ఉన్న బీరువాలకు ఈ మాట మరీ ముఖ్యం. ఆ పొడి స్పిరిట్‌లోనే కరుగుతుంది కదా, రుద్దితే లక్కలోకే వచ్చేస్తుంది. పలచగా ఒకటి, గంట ఆగి ఇంకొకటి, మరక గట్టిదైతే మూడోది. మధ్యలో నున్నటి సాండ్‌పేపర్‌తో అలా తాకించి దుమ్ము తుడిస్తే చాలు. ఆ తర్వాతే ప్రైమరు, రంగు.

వాతావరణం కూడా చూసుకోవాలి. బాపట్ల, చీరాల వైపు ముసురు రోజుల్లో లక్క పూస్తే గాలిలో తేమకు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. రెంటచింతల ఎండల్లో మిట్టమధ్యాహ్నం పూస్తే గుడ్డ లాగేలోపే ఆరిపోయి చారలు పడుతుంది. ఎండ ముదరకముందు, నీడలో చేసుకోవాలి. జిన్నింగ్ మిల్లు దగ్గర్లో ఉన్నవాళ్లు తలుపులు మూసుకోవాలి సుమా! తడిరంగు మీద దూది నూగు వాలిందంటే మళ్లీ మొదటికే.

ఇప్పటికే రంగు వేసేసి మరకలు చూస్తూ కూర్చున్నారా? గీకి పారేయక్కర్లేదు. రంగు పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే దాని మీదే నున్నగా రుద్ది, తలుపంతటికీ రెండు కోట్ల లక్క పూసి, పైన ఒక్క కోటు రంగు వేయండి. మరక ఉన్నంత మేరకే పూస్తే ఆ ముక్క వేరే మెరుపుతో కనిపిస్తుంది.

అసలు వేయాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. చెక్కడపు పని ఉన్న టేకు భోషాణానికి, చేవదేరిన పందిరిమంచానికి తెల్లరంగు వేయడం నాకైతే మనసొప్పదు. వాటికి ఆ లక్క పాలిష్ ఒక్కటే పట్టిస్తే పోయె. అక్కడక్కడా అతుకులు పడ్డ బీరువాకు, మూడురకాల చెక్కలు కలిసిన వంటింటి అల్మరాకు మాత్రం నిక్షేపంగా రంగు వేసుకోవచ్చు. అరల లోపల రంగు మానేసి లక్కతో వదిలేసినా బాగుంటుంది, పాత చెక్క వాసన బట్టలకు పట్టదు. పచ్చడి జాడీలు పెట్టే అరకు మాత్రం లక్క మీద ఎనామిల్ తప్పదు. అదీ ఆరిందనుకున్నాక ఇంకో వారం ఆగి, కింద పళ్లెం పెట్టి మరీ జాడీ ఎక్కించండి.