జగర్గుండాకు వనరులు లేవన్నదెవరు?

ప్రపంచంలోని పేరున్న ఇంజనీరింగ్ విద్యాలయాల్లో కొన్నేళ్లుగా ఒక మాట స్థిరపడిపోయింది: 'వనరులు కొరవడిన సమాజాలు'. అమెరికాలో చదివే విద్యార్థులు మలావీ కోసమో నేపాల్ కోసమో చవకైన వైద్య పరికరాలు రూపొందిస్తారు. కరెంటు లేనిచోట పనిచేసేవి, డాక్టరు లేనిచోట పనికొచ్చేవి, లక్షల రూపాయల యంత్రం చేసే పనిని వేల రూపాయల్లో చేసేవి తయారవుతాయి. ఆ శ్రమ నిజమైనది, ఆ తపన కూడా నిజమైనదే. అబద్ధమల్లా ఆ మాటలో ఉంది. వాన పడని నేల అన్నంత మామూలుగా 'వనరులు లేని ఊరు' అనేస్తే, ఆ వనరులు ఎటు పోయాయని ఎవరినీ నిలదీసే పని ఉండదు.

ఈ అబద్ధాన్ని పట్టుకోవడానికి మలావీ దాకా వెళ్లనక్కర్లేదు. భద్రాచలం మీదుగా కుంట దాటి, దోర్నపాల్ దగ్గర అడవిలోకి మళ్లి 56 కిలోమీటర్లు పోతే చాలు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలోని జగర్గుండా వస్తుంది.

జగర్గుండా పుట్టుకతో పేద ఊరు కాదు. చుట్టుపక్కల గూడేలు అటవీ ఉత్పత్తులు తెచ్చి అమ్ముకున్న సంత అక్కడిది. బడులున్నాయి, బ్యాంకుండేది. 2005లో సల్వాజుడుం మొదలైంది. గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తరలించారు. జగర్గుండా చుట్టూ ముళ్లకంచె లేచింది. ఒక పక్క మావోయిస్టులు దారులు తవ్వేసి మందుపాతరలు పెడితే, మరో పక్క ప్రభుత్వం కంచె లోపలివాళ్లే తన పౌరులన్నట్టు వ్యవహరించింది. తిండిగింజలు కూడా సాయుధ బలగాల కాపలాలో రావలసి వచ్చింది. 2006లో మూతపడిన బడులు 13 ఏళ్ల తర్వాత 2019లో తెరుచుకున్నాయి. బ్యాంకు 2025లో తిరిగి వచ్చింది. ఒక తరం మొత్తం బడి లేకుండానే పెరిగి పెద్దదైపోయింది.

ఆ 56 కిలోమీటర్ల దారి పొడవునా రక్తం మరకలే. దానికి ఆనుకుని ఉన్న చింతల్‌నార్ దగ్గర 2010 ఏప్రిల్ 6న 76 మంది జవాన్లు చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద, ఆ రోడ్డు పనులకే కాపలా కాస్తున్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలయ్యారు. ఈ రెండు దాడుల మధ్యకాలంలో, 2011 మార్చిలో, తాడిమెట్ల, మోర్పల్లి, తిమ్మాపురం గ్రామాల్లో ఆదివాసుల ఇళ్లు తగలబడ్డాయి. అదే ఏడాది జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం తరహా ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికే వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి భద్రాచలం, ఖమ్మం అడవుల్లో 'గుత్తికోయలు'గా మిగిలాయి. ఈ జాబితాలో ప్రకృతి చేసినది ఒక్కటీ లేదు. ప్రతి నష్టానికీ ఒక తేదీ ఉంది. ప్రతి తేదీ వెనుక ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంది.

ఇక అసలు వనరుల సంగతి చూద్దాం. పొరుగున దంతెవాడ జిల్లాలో బైలదిల్లా కొండలున్నాయి. దేశంలోని మేలురకం ఇనుప ఖనిజం అక్కడిది. 1968 నుంచి ఆ కొండలను తవ్వుతున్నారు. ఆ ఖనిజం కోసమే తూర్పు కనుమలను సొరంగాలతో తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 446 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. బస్తర్ ఇనుము విశాఖ రేవు మీదుగా జపాన్ చేరింది, విశాఖ ఉక్కు కొలిమిలోనూ కరిగింది. అది చాలక ఖనిజాన్ని నీళ్లలో కలిపి బురదలా పంపడానికి కిరండూల్ నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల గొట్టం కూడా వేశారు. ఆ గనులు తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది.

ఆనాటి ఇంజనీర్లెవరూ ఇది వనరులు లేని ప్రాంతమని అనలేదు. అడవి దట్టమైనదని, కొండలు నిట్టనిలువుగా ఉన్నాయని వెనుదిరగలేదు. మావోయిస్టులు రైలుపట్టాలు తొలగించినప్పుడల్లా తిరిగి వేశారు. గొట్టాన్ని పేల్చితే, ఆలస్యమైనా అతికించారు. అడవి అదే, యుద్ధం కూడా అదే. ఇనుము మాత్రం సముద్రం దాకా వెళ్లగలిగింది. జ్వరంతో కాలిపోతున్న పిల్ల మాత్రం ఆసుపత్రి దాకా వెళ్లలేకపోయింది. దీన్ని వనరుల కొరత అనడం భాషకే అవమానం.

ఇంతమాత్రాన చవక పరికరాలను ఎగతాళి చేయాలని కాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విద్యార్థులు అక్వేరియంలో వాడే గాలిపంపులతో మొదలుపెట్టి, ఊపిరాడని పసికందులకు శ్వాస అందించే యంత్రం తయారుచేశారు. మలావీ భాషలో దానికి 'పుమానీ' అని పేరు. ఆ దేశంలోని బ్లాంటైర్ నగర పెద్దాసుపత్రిలో పరీక్షిస్తే, ఆక్సిజన్ మాత్రమే ఇచ్చిన శిశువుల్లో 44 శాతం మంది బతికితే, ఈ యంత్రం పెట్టిన శిశువుల్లో 71 శాతం మంది బతికారు. 2014లో వెలువడిన ఫలితమిది. ఇది ఏ పార్లమెంటు ప్రసంగం కంటేనైనా విలువైన పని.

కాని కథ అక్కడితో ముగియలేదు. అదే మలావీలో, ఒక జిల్లా ఆసుపత్రిలో, అదే తరహా శ్వాస చికిత్సను నెల దాటి అయిదేళ్ల లోపు ఉన్న, తీవ్ర న్యుమోనియా సోకిన, అప్పటికే ప్రమాద స్థితిలో ఉన్న పిల్లలపై పరీక్షించారు. అక్కడ రోజూ వచ్చి చూసే డాక్టరు లేడు. 2019లో ఫలితాలు వచ్చాయి. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో 11 శాతం మంది చనిపోతే, ఈ చికిత్స ఇచ్చినవారిలో 17 శాతం మంది చనిపోయారు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పిల్లల వయసులు వేరు, జబ్బులు వేరు కాబట్టి రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి తూచడం కుదరదు. అయినా ఒక హెచ్చరిక మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. రోగి పక్కన తెలిసిన మనిషి లేనప్పుడు మంచి చికిత్స కూడా ప్రాణం తీయగలదు. 'డాక్టరు లేనిచోట పనికొచ్చే యంత్రం' అన్న ప్రకటనలో ఎంత ప్రమాదం దాగి ఉందో ఈ అంకెలు చెబుతాయి.

బస్తర్ కూడా అదే పాఠం చెబుతోంది. అక్కడి ప్రధాన శత్రువు మలేరియా. దానికి చవక పరికరం ఎప్పుడో వచ్చేసింది. వేలి చివర ఒక్క చుక్క రక్తం చాలు, కరెంటు అక్కర్లేదు, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తేలిపోతుంది. ఆ కిట్టు అంతకుముందు కూడా ఉంది. అయినా బస్తర్ దేశంలోని మలేరియా పటంలో ఎర్రటి మచ్చగానే మిగిలింది. 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం మొదలయ్యాక పరిస్థితి మారడం ప్రారంభమైంది. మారింది కిట్టు కాదు, దాన్ని మోసుకెళ్లే పద్ధతి. జ్వరం వచ్చినవాళ్లు వచ్చేదాకా ఎదురుచూడకుండా, ఇంటింటికీ వెళ్లి, లక్షణాలు లేనివాళ్లకూ పరీక్ష చేశారు. ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం రానివారు పెద్దసంఖ్యలో బయటపడ్డారు.

ఆ నడక నడిచినవారిలో ముందున్నది మితానిన్‌లు. మితానిన్ అంటే స్నేహితురాలు. ఛత్తీస్‌గఢ్ 2002లో మొదలుపెట్టిన ఈ గ్రామ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ ఆ తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు ఒరవడి అయింది. మలేరియాలో ఒక రకానికి ప్రైమాక్విన్ మాత్ర 14 రోజులు వేసుకోవాలి. మూడో రోజుకే జ్వరం తగ్గిపోతుంది, మాత్రలు ఇంటి చూరులోకి చేరతాయి. గర్భిణికి ఆ మందు ఇవ్వకూడదు. ఒక ఎంజైము లోపం ఉన్నవారికి ఇస్తే ఎర్రకణాలు చిట్లిపోతాయి. ఇవన్నీ గుర్తుపెట్టుకుని, ఆ ఇంటి గోండి మాటలోనే చెప్పి, పద్నాలుగో రోజున కూడా గడప తొక్కి 'మాత్ర వేసుకున్నావా?' అని అడిగే పరికరాన్ని ఏ ప్రయోగశాలా తయారుచేయలేదు. సికిల్‌సెల్ జబ్బు కథా అంతే. నిమిషాల్లో దాన్ని పట్టేసే చిన్న యంత్రం అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ పరిశోధనల నుంచి వచ్చింది. మంచిదే. కాని జబ్బు తేలిన పిల్లవాడికి ఏళ్ల తరబడి మందు అందకపోతే ఆ పరీక్ష అతని చేతిలో పెట్టిన శాపపత్రమే తప్ప మరొకటి కాదు.

'ప్రభుత్వం కదిలేదాకా పిల్లలు చావాలా?' అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్న. చావకూడదు. యంత్రం రావాలి, ఇవాళే రావాలి. అయితే అది నర్సుతో పాటు రావాలి, నర్సుకు బదులుగా రాకూడదు. చవక పరికరాన్ని ప్రభుత్వాలు ప్రేమించేది దాని చవకతనాన్ని చూసి కాదు. డాక్టరును నియమించకపోయినా, ఏఎన్‌ఎం ఖాళీని నింపకపోయినా, ప్రారంభోత్సవ ఫొటో ఒకటి దక్కుతుంది కాబట్టి. ఆరు నెలలకు బ్యాటరీ పోతుంది, విడిభాగం దొరకదు, పెట్టె మూలన పడుతుంది. ఆ తర్వాత తప్పు 'అవగాహన లేని గిరిజనుల' మీదికి వెళుతుంది.

తెలుగు నేలకు ఇందులో సాకు చెప్పే అవకాశం అసలే లేదు. క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో పోలియో పిల్లలకు కాలిపర్లు చేయవచ్చని చూపించింది హైదరాబాదే. నిమ్స్ వైద్యులు అడిగారు, అబ్దుల్ కలాం బృందం చేసింది. మూడు కిలోలకు పైగా ఉన్న బరువు 300 గ్రాములకు తగ్గింది. అక్కడ మొదట వచ్చింది యంత్రం కాదు, రోగిని రోజూ చూస్తున్న డాక్టరు అడిగిన ప్రశ్న. విశాఖలో, బస్తర్ ఇనుము కరిగే ఉక్కు కర్మాగారం చెంతనే, 270 ఎకరాల్లో వైద్య పరికరాల తయారీ కేంద్రం ఉంది. ఇనుము దిగివచ్చిన దారినే పరికరాలను, వాటిని బాగుచేసే మనుషులను వెనక్కి పంపడానికి అడ్డేమిటి?

బస్తర్‌కు తెలుగు ఇంజనీర్లు వెళ్లలేదని అనలేం. కొందరు గనులకు వెళ్లారు. వరంగల్ ఆర్ఈసీలో చదివిన నంబాళ్ల కేశవరావు తుపాకీ పట్టుకుని వెళ్లి, మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా 2025 మే 21న ఎదురుకాల్పుల్లో మరణించాడు. ఒకరు కొండ కింది సంపద కోసం, మరొకరు కొండ మీది అధికారం కోసం. కొండ పక్కన జ్వరంతో పడుకున్న మనిషి కోసం వెళ్లిన ఇంజనీర్లను లెక్కపెట్టడానికి మాత్రం ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే.

ఇంతకాలం ప్రభుత్వం చేతిలో ఒక సమాధానం ఉండేది: 'అక్కడ మావోయిస్టులున్నారు'. 2026 మార్చి 31 నాటికి దేశంలో మావోయిజం ఉండదని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టి మరీ ప్రకటించారు. అంటే ఆ సమాధానానికీ గడువు తీరినట్టే. జగర్గుండా దారిలోనే ఉన్న చింతగుఫా ఆరోగ్య కేంద్రం 2024లో జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువపత్రం సాధించింది. ఆ ధ్రువపత్రం యంత్రాలను చూసి ఇచ్చేది కాదు, ఆసుపత్రి నడిచే తీరును చూసి ఇచ్చేది. తుపాకుల మధ్య చింతగుఫాలో సాధ్యమైనది, తుపాకులు సద్దుమణిగాక మిగతా గూడేల్లో అసాధ్యమని ఏ మంత్రి చెప్పగలడు?

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ జిల్లా ఖనిజ నిధిని సృష్టించింది. ఆ నిధి ఖర్చులో ఆరోగ్యాన్ని ప్రాధాన్య రంగంగా కేంద్రమే పేర్కొంది. డబ్బుంది. దారి పడింది. పరికరం ఉంది. లేనిది జీతం ఇచ్చి నిలబెట్టవలసిన మనుషులు: డాక్టర్లు, నర్సులు, పరికరం పాడైతే బాగుచేసే టెక్నీషియన్లు. రేపు ఏ కళాశాల విద్యార్థులైనా 'వనరులు కొరవడిన సమాజం' కోసం ఒక యంత్రం గీయడానికి కూర్చుంటే, కాగితం మీద మొదటి గీత గీయకముందే ఆ వనరులు ఏ రైలెక్కి ఎటు పోయాయో అడగాలి. ఆ ప్రశ్న అడగడం నేర్పని ఇంజనీరింగ్ చదువు ఎన్ని పేటెంట్లు తెచ్చినా జగర్గుండాకు అప్పుపడే ఉంటుంది.