రేగడి నేలలో ఇల్లు కొనే కాలం

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు అమ్ముడై చేతిలో డబ్బాడితే ఇంటి మాట ఎత్తుతాం. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడేదాకా బోధన్ వైపు చెరకు పైసలకూ అదే వరస. ఎండాకాలంలో ఇల్లు చూసి, వైశాఖంలో ముహూర్తం పెట్టుకుంటాం. ఆషాఢం రాగానే బేరం పక్కన పెడతాం.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడా కాలం చూస్తారు. ఆగస్టులో బడులు తెరిచేలోపు కొత్తింట్లో దిగాలని పిల్లలున్నవాళ్లు వసంతం నుంచే వెతుకుతారు. అప్పుడు ఇళ్లూ ఎక్కువే, పోటీ కూడా ఎక్కువే. చలికాలంలో రెండూ తగ్గుతాయి, బేరానికి వీలు పెరుగుతుంది.

ఆ ఊరిదీ మన బోధన్‌లాగే నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి గోడలు పగులుతాయి. అందుకే అక్కడ పునాది చూడకుండా ముందుకు పోరు. కొనేవాళ్లు కొద్ది రుసుము కట్టి, ఒప్పందంలో ‘ఆప్షన్ పీరియడ్’ రాయించుకుంటారు. ఆ కొన్ని రోజుల్లో లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్ ఇల్లంతా పరిశీలిస్తాడు. నచ్చకపోతే కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. రుసుము పోతుంది, బయానా తిరిగొస్తుంది. ఇంట్లోకి గతంలో వరద వచ్చిందా అన్నది అమ్మేవాళ్లు రాసివ్వాలి. 2019లో ఆ నిబంధనను ఇంకా విస్తరించారు.

ఇక్కడ మనం కాగితాల దగ్గర జాగ్రత్తగానే ఉంటాం. ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూపిస్తాం, వాస్తు అడుగుతాం. రిజిస్ట్రేషన్‌కు మొత్తం ఏడున్నర శాతం కడతాం. గోడను, పునాదిని ఇంజినీరుకు చూపించేవాళ్లు మాత్రం తక్కువ. రెరా చట్టం ప్రకారం కొత్త ప్రాజెక్టులో నిర్మాణ లోపం ఐదేళ్లలోపు బయటపడితే బిల్డరే సరిచేయాలి. పాత ఇల్లు కొనేవాళ్లకు ఆ అండ ఉండదు.

దీనికి కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. బయానా కాగితంలోనే ఒక షరతు రాసుకోవచ్చు: పది రోజుల్లో సివిల్ ఇంజినీరు చూస్తాడు, పెద్ద లోపం తేలితే డబ్బు వాపసు. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, అది కూడా తెలుసుకోవలసిన సంగతే.

కాలం సంగతికొస్తే, ఆషాఢంలో గృహప్రవేశం వద్దన్నారు గాని ఇల్లు చూడొద్దనలేదు. పగుళ్లు ఎండలో తెరుచుకుంటాయి. స్లాబు కారడం, గోడల చెమ్మ, వీధిలో నీరు నిలవడం వానలోనే తెలుస్తాయి. కొనేవాళ్లు తగ్గే ఆ నెలలో అమ్మేవాళ్లు మాట వినే అవకాశమూ ఎక్కువ. అందుకే వైశాఖంలో ఒకసారి, ఆషాఢం వానల్లో మరోసారి ఇల్లు చూసి, శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుంటే మన ముహూర్తాలకూ లోటు రాదు, మన రేగడికీ అదే తగిన పద్ధతి.