కుందేలు మేత మానితే

సాయంకాలం మేత ముట్టని కుందేలు తెల్లవారేసరికి ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. తరచు కారణం మన ముద్దే!

దాని ప్రధానాహారం గడ్డి, ఎండుగడ్డి. జీవితాంతం పెరుగుతూనే ఉండే పళ్లను అరగదీసేది, ప్రేగులను కదిలించేది ఆ పీచే. బిస్కెట్లు, ధాన్యం, తీపి దుంపలు అధికమైతే పెద్దప్రేగు మొదట ఉన్న సంచిలోని సూక్ష్మజీవుల సమతూకం చెడుతుంది. వాయువు చేరి ప్రేగులు స్తంభిస్తాయి. కుందేలు వాంతి చేసుకోలేదు.

తన మెత్తని పెంటికలను అది తానే తింటుంది. ఏవగించుకోనక్కరలేదు, విటమిన్లు అందే మార్గమది. మేతా పెంటికలూ ఆగినట్లు గమనిస్తే మాత్రం, 12 గంటలు గడవకముందే, ఇంటి వైద్యాలు మాని పశువైద్యుని ఆశ్రయించండి.

ఇక క్యారెట్ మాటంటారా? దుంప చిన్న ముక్క చాలు. వంటింట్లో మనం పారవేసే ఆ ఆకులు పెట్టండి, ఇష్టంగా తింటుంది.