సెలవు జీతం: ఎవరి లెక్క?

టీచర్లకేం, ఏడాదిలో సగం రోజులు సెలవులేగా అనే మాట మనందరం విన్నదే. టీచరు ఉద్యోగం ఆడవాళ్లకు అనువైనదని చెప్పేవాళ్లు ముందు చూపించేది కూడా ఆ సెలవులనే. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు తల్లీ ఇంట్లో ఉంటుంది, ఇంటిచాకిరీకి ఆటంకం రాదు. అయితే ఆ సెలవులకు జీతం ఏ టీచరుకు వస్తోంది, ఏ టీచరుకు రావటం లేదు అని అడిగేవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో ఒక సంగీతం టీచరు ఈ ప్రశ్నను పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, గెలిచింది. ఆ గెలుపును అక్కడి ప్రభుత్వం రెండేళ్లు తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. ఈ కథలో మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

లెస్లీ బ్రేజెల్ బెడ్‌ఫర్డ్ గర్ల్స్ స్కూల్లో శాక్సోఫోన్, క్లారినెట్ నేర్పేది. 2002 నుంచి ఆ స్కూలును నడిపే హార్పర్ ట్రస్ట్ దగ్గర ఆమె ఉద్యోగి. ఒప్పందం శాశ్వతమైనదే, కానీ ఇన్ని గంటలు పని ఇస్తామన్న హామీ అందులో లేదు. ఎంతమంది పిల్లలు చేరితే అన్ని పాఠాలు, ఎన్ని పాఠాలు చెబితే అన్ని గంటల జీతం. స్కూలు నడిచేది ఏడాదికి సుమారు 32 వారాలు. మిగతా వారాల్లో ఆమె ఉద్యోగంలోనే ఉంటుంది, పని ఉండదు, జీతం ఉండదు.

ఇంగ్లండ్ ప్రభుత్వ స్కూళ్లలో పూర్తికాలపు టీచరు పరిస్థితి వేరు. ఏడాదికి 195 రోజులు పని, జీతం మాత్రం పన్నెండు నెలలకీ వస్తుంది. అంటే బడి సెలవులు ఒక టీచరుకు ఉద్యోగంలో భాగం, ఇంకో టీచరుకు ఆదాయం లేని రోజులు. బడి మూసే రోజులు ఇద్దరికీ ఒకటే.

1998 నాటి పనివేళల నిబంధనల కింద అక్కడ ప్రతి శ్రామికురాలికీ జీతంతో కూడిన వార్షిక సెలవు హక్కు ఉంది. 2009 ఏప్రిల్ నుంచి అది 5.6 వారాలు. 2011 సెప్టెంబరు నుంచి ట్రస్ట్ ఈ సెలవు జీతాన్ని కట్టే పద్ధతి మార్చింది. ఏడాదిలో 52 వారాలు, సెలవు 5.6 వారాలు, పని 46.4 వారాలు. 5.6ను 46.4తో భాగిస్తే 12.07 శాతం. కాబట్టి ఆమె సంపాదనలో 12.07 శాతం ఇస్తే సరిపోతుందన్నారు. కానీ ఆమె పనిచేసేది 46 వారాలు కాదు, 32 వారాలు. వారానికి 100 పౌండ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 3,200. చట్టం చెప్పిన 5.6 వారాల జీతం 560 పౌండ్లు. యాజమాన్యం లెక్కన చేతికొచ్చేది 386. హక్కు పోయిందని ఎవరూ అనలేదు, లెక్క మారిందంతే. ఆడవాళ్ల జీతాల్లో కోత చాలాసార్లు ఇలాగే వస్తుంది.

కింది ట్రిబ్యునల్‌లో ఆమె ఓడిపోయింది. 2018లో అప్పీల్ ట్రిబ్యునల్‌లో, 2019లో అప్పీల్ కోర్టులో గెలిచింది. 2022 జూలై 20న సుప్రీంకోర్టు కూడా ఆమె పక్షానే నిలిచింది. ఏడాది పొడవునా ఒప్పందం ఉన్నవాళ్లకు 5.6 వారాల సెలవు పూర్తిగా ఉంటుందని, పని లేని వారాల పేరుతో దాన్ని తగ్గించటానికి వీల్లేదని చెప్పింది.

యాజమాన్యం వాదనను తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. ఏడాదంతా వారానికి రెండు రోజులు పనిచేసే మరో ఉద్యోగితో పోలిస్తే, కొన్ని వారాలే పనిచేసే ఆమెకు దామాషాలో ఎక్కువ సెలవు జీతం వస్తుంది, ఇదేం న్యాయం అని అడిగారు. లెక్కగా ఇది నిజమే. ఇలాంటి స్వల్ప తేడా ఉన్నంత మాత్రాన చట్టాన్ని తిరగరాయలేమంది కోర్టు. మనం ఇంకో మాట కూడా చెప్పాలి. పాఠం చెప్పిన గంటలే ఆ దామాషాలోకి వస్తాయి. వచ్చే టర్ములో ఎన్ని గంటలు దొరుకుతాయో తెలియని అనిశ్చితి, ఆ కొద్ది వారాల కోసం వేరే ఉద్యోగం చూసుకోలేని ఇబ్బంది అందులోకి రావు. ఆ ఖాళీ వారాలు ఆమె కోరుకున్నవి కావు, స్కూలు క్యాలెండరు నిర్ణయించినవి. అవి యాజమాన్యానికి కూడా అవసరమే. వాటి భారం మాత్రం ఆమె ఒక్కతే మోయాలి.

ప్రభుత్వం యాజమాన్యాల వాదననే ఒప్పుకుంది. 2023లో కొత్త నిబంధనలు చేసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సెలవు సంవత్సరాల్లో, ఏడాదిలో కొంతకాలమే పనిచేసేవాళ్లకూ, పనిగంటలు స్థిరంగా లేనివాళ్లకూ పనిచేసిన గంటల్లో 12.07 శాతమే సెలవుగా జమవుతుంది. సెలవు జీతాన్ని విడిగా చూపిస్తూ రోజువారీ జీతంతో పాటే ఇచ్చేయటానికీ అనుమతి వచ్చింది. ఇలా కలిపి ఇవ్వటం చెల్లదని 2006లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. చిన్న జీతంలో కలిసి వచ్చే డబ్బు ఏ నెలకా నెల ఇంటి ఖర్చుల్లో కరిగిపోతుంది. సెలవు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు.

పండుగ సెలవుల సంగతీ ఇంతే. ఇంగ్లండ్‌లో ఏడాదికి మామూలుగా ఎనిమిది బ్యాంక్ హాలిడేలు ఉంటాయి. ఆ రోజుల్లో సెలవు ఇవ్వాలనీ, పనిచేస్తే ఎక్కువ జీతం ఇవ్వాలనీ చట్టం ఎక్కడా చెప్పదు. అది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఆ ఎనిమిది రోజులనూ 5.6 వారాల్లోనే కలిపేసుకోవచ్చు. వాటిలో చాలావరకు సోమవారాలే. సోమవారం పని లేని పార్ట్‌టైమ్ ఉద్యోగికి ఆ సెలవులు దక్కవు. బుధ, గురు, శుక్రవారాలు పనిచేసే ఒక కాల్ సెంటర్ ఉద్యోగి దీన్ని ప్రశ్నిస్తే, ఇది వివక్ష కాదని 2007లో స్కాట్లండ్ కోర్టు తేల్చింది. ఇంగ్లండ్ టీచర్లలో సుమారు నాలుగింట మూడు వంతులు స్త్రీలు. పార్ట్‌టైమ్ ఎంచుకునేవాళ్లూ ఎక్కువగా వాళ్లే. ఇంటిచాకిరీ, పిల్లల పెంపకం వాళ్లకు మిగిల్చిన అవకాశం అది.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోవటానికి లేదు. మన ప్రభుత్వ కాలేజీల్లో పీరియడ్ లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరరుకు దసరా, సంక్రాంతి వచ్చాయంటే ఆదాయం ఆగిపోయినట్టే. వేసవి నెలల జీతం ఎగ్గొట్టి, జూన్‌లో మళ్లీ కొత్తగా చేర్చుకున్నట్టు చూపించే ప్రైవేటు స్కూళ్లు మనకు తెలియనివి కావు. గోవాలో ఉద్యోగం పోయిన ఒక టీచరు వేసిన కేసులో, టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మన్' కారని 1988లో మన సుప్రీంకోర్టు చెప్పింది. బోధన పవిత్రమైన వృత్తి అన్న గౌరవం ఆ తీర్పులో దండిగా ఉంది. ఆ గౌరవంతో పాటే శ్రామికుల హక్కు చేజారింది. తల్లి ప్రేమను పొగిడి ఇంటిచాకిరీకి విలువ కట్టకపోవటం లాంటిదే ఇదీ.

అయితే చట్టం ఎప్పుడూ వెనక్కే నడవదు. టీచర్లకు గ్రాట్యుటీ చట్టం వర్తించదని 2004లో సుప్రీంకోర్టు అంటే, 2009లో పార్లమెంటు సవరణ తెచ్చి 1997 నుంచే వర్తించేలా చేసింది. ప్రైవేటు యాజమాన్యాలు దాన్ని సవాలు చేసి 2022 ఆగస్టులో ఓడిపోయాయి. లెస్లీ బ్రేజెల్ గెలిచిన కొద్ది వారాలకే వచ్చిన తీర్పు ఇది. అక్కడ కోర్టు ఇచ్చినదాన్ని ప్రభుత్వం తీసుకుంది, ఇక్కడ కోర్టు కాదన్నదాన్ని చట్టసభ ఇచ్చింది. తీర్పు వచ్చిందని ఊరుకుంటే కుదరదు. దాన్ని నిలబెట్టుకునే సంఘటిత బలం లేకపోతే, ఒక్క స్త్రీ ఏళ్ల తరబడి పోరాడి గెలిచినదాన్ని ఒక్క నిబంధన తుడిచేస్తుంది.

ఈ ప్రశ్న మన స్వచ్ఛంద సంస్థల గడప దాకా కూడా రావాలి. బ్రిడ్జి స్కూళ్లలో, రాత్రి బడుల్లో, బాలవాడీల్లో పాఠాలు చెప్పే స్త్రీలకు మనం ఇచ్చేదాన్ని 'గౌరవ వేతనం' అంటున్నాం. అది ఏడాదికి ఎన్ని నెలలు ఇస్తున్నాం? బడి మూసిన నెలలో ఆమె ఇల్లు ఎలా గడుస్తోంది? ఆగస్టు 15న పిల్లలతో జెండా ఎగరేయించటానికి తెల్లవారకముందే వచ్చిన టీచరుకు ఆ రోజు జీతం కట్టామా? నిధులు ఇచ్చేవాళ్లకు పంపే బడ్జెట్‌లో పన్నెండు నెలల జీతం, సెలవు జీతం విడివిడిగా చూపించి అడుగుదాం. ఒప్పంద పత్రంలో ఆ రెండు వాక్యాలూ రాయిద్దాం. ఇతరుల యాజమాన్యాలను నిలదీసే ముందు చేయవలసిన పని ఇది.