కులమా, జెండరా? ఒక్కటే ఎంచుకోమంటున్న రిజర్వేషన్

బోనాల నాడు శివసత్తులు వీధిలోకి వస్తే జనం పక్కకు జరిగి దారి ఇస్తారు. కాళ్ల మీద సాక పోసి మొక్కుతారు. ఆ శివసత్తుల్లో జోగినీలు ఉంటారు, ట్రాన్స్ మహిళలూ ఉంటారు. పండుగ అయిపోయిన మర్నాడు అదే ట్రాన్స్ మహిళ కిరాయికి గది అడిగితే ఖాళీ లేదంటారు. మన సంస్కృతి ఆమెకు దేవత పేరు మీద ఒక చోటు ఇచ్చింది. మనిషిగా హక్కు అడిగినప్పుడు మాత్రం మొహం తిప్పుకుంటుంది.

లైంగిక గుర్తింపు ఎవరికి వారు ఒంటరిగా తేల్చుకునే సంగతి అని నగరాల్లో చర్చ నడుస్తుంటుంది. మన ఊళ్లలో అది కులం, గుడి, జమాత్, కుటుంబం నడుమ రూపు దిద్దుకుంటుంది. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టుకు కూడా ఈ సంగతి తెలుసు. హిజ్రాలు, జోగప్పలతో పాటు శివసత్తుల గురించీ ఆ తీర్పులో ఉంది. కత్తితో వారికి జరిగే పెళ్లి గురించి, వారి పేదరికం గురించీ ఉంది. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని కోర్టు స్పష్టం చేసింది. అంతవరకు అది గొప్ప తీర్పు.

చిక్కు రిజర్వేషన్ల దగ్గర వచ్చింది. ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులుగా పరిగణించాలని కోర్టు ఆదేశించింది. ఆచరణలో దాన్ని ఓబీసీ కోటా అని చదువుకున్నారు. మరి ఎస్సీ అయిన ట్రాన్స్ మహిళ ఏ గడిలో టిక్కు పెట్టాలి? ఎస్సీ అంటే జెండర్ వల్ల పడ్డ బాధ లెక్కలోకి రాదు. ఓబీసీ అంటే అంటరానితనం లెక్కలోకి రాదు. ఇది కొద్దిమంది సమస్య కూడా కాదు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషులు కాక 'ఇతరులు'గా నమోదైన వారు 4,87,803 మంది. అందులో ఎస్సీలు 78,811, ఎస్టీలు 33,293. ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు దళితులే.

ఇల్లు వదిలినంత మాత్రాన కులం వదలదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలోనే అంబేడ్కర్ ఈ ముడి విప్పి చూపారు. సొంత కులంలోనే పెళ్లి అన్న కట్టడి మీదే కులం నిలబడుతుందని, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహాలు ఆ కట్టడిని కాపాడటానికి పుట్టినవేనని చెప్పారు. అంటే కులమే ఒక లైంగిక చట్టం. అది కొందరు స్త్రీలను ఇంట్లో బంధించింది. మాల, మాదిగ ఆడపిల్లలను జోగినీలుగా మార్చి ఊరికి అప్పగించింది. ఆ ఆచారాన్ని 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించింది. కానీ ఆ చూపు పోలేదు. దళిత ట్రాన్స్ మహిళ మీద పడేదీ అదే చూపు.

చట్టం కూడా ఈ శరీరాలను తక్కువ ధరకే కట్టింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వారిపై లైంగిక హింసకు పెట్టిన శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్లు. స్త్రీపై అత్యాచారానికి భారతీయ న్యాయ సంహితలో కనీస శిక్షే 10 ఏళ్లు. ఈ తేడాకు ఏ సంజాయిషీ ఉంది?

రిజర్వేషన్ల చిక్కుకు మాత్రం దారి దొరికింది. దాన్నే సమాంతర రిజర్వేషన్ అంటారు. మహిళలకు, వికలాంగులకు ఇస్తున్నట్టే ప్రతి కేటగిరీ లోపలా వాటా ఇవ్వడం. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం ఇలాగే ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్లను ఒక కులంలా లెక్కగట్టడాన్ని మద్రాసు హైకోర్టు 2024 జూన్‌లో తప్పుపట్టింది. మన దగ్గర, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. నేరస్తుల ముద్ర పోయింది సరే, సీటు, కొలువు ఎక్కడ?

'మన ఎస్సీ సీట్లు తగ్గిపోవా' అని మన సంఘాల్లోనే కొందరు అడుగుతున్నారు. తగ్గవు. ఎస్సీ వాటాలో సమాంతరంగా వచ్చే సీటు ఎస్సీ ట్రాన్స్ వ్యక్తికే దక్కుతుంది, బయటికి పోదు. ఓబీసీలో కలిపితేనే మన మనిషి మన జాబితా నుంచి బయటికి పోతుంది.

ఇంకో అడ్డంకి కుల ధ్రువీకరణ పత్రం. తల్లిదండ్రుల కాగితాలు లేనిదే అది రాదు. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డకు ఆ కాగితాలు ఎవరిస్తారు? తహసీల్దారు ఊళ్లో విచారణ జరిపి పత్రం ఇచ్చేలా స్పష్టమైన ఉత్తర్వు కావాలి. కొత్త పేరు, పాత పత్రం కలవలేదని దరఖాస్తు తిరగ్గొట్టడం ఆగాలి.

మన విద్యార్థి సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో స్కాలర్‌షిప్ ఉంటుంది, హాస్టల్ ఉంటుంది, బ్యాక్‌లాగ్ పోస్టులు ఉంటాయి. ఇకపై ఈ రెండు డిమాండ్లూ వాటి పక్కనే ఉండాలి. క్వీర్ వేదికల మీద కులం మాట ఎత్తమని అడుగుతున్న మనం, మన వేదికల మీద జెండర్ మాట ఎత్తకపోతే ఆ అడగడానికి బలం ఉండదు.