అరువు పేర్ల అందాలు

హార్స్లీ హిల్స్‌ను "ఆంధ్రా ఊటీ" అనే ప్రకటన కంటబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ అని నిక్షేపంలాంటి పేరుండేది. కడప కలెక్టరు హార్స్లీ దొర 1870 ప్రాంతంలో అక్కడ వేసవి విడిది కట్టుకున్నాడు, మల్లమ్మ మరుగున పడింది. సరే, దొరల కాలం. మరి ఈ ఊటీ ఎవరి ఊటీ? తోడాల పచ్చిక బయళ్ళలో కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ 1820లలో తన ఇంగ్లండును వెదుక్కుంటే వెలసిన ఊరది. అంటే మనం మురిసిపోతున్నది ఇంటిబెంగ పట్టిన తెల్లదొర ఊహకు నకలుకు నకలును చూసి! అరకుకూ అదే బిరుదు. లంబసింగి అయితే ఏకంగా కాశ్మీరమే.

ఈ వ్యాపారంలో రైళ్ళ వాటా చిన్నది కాదు. 1920, 30లలో ఇండియన్ స్టేట్ రైల్వేస్ రంగురంగుల పోస్టర్లు వేయించి తాజమహలునూ కాశీ ఘట్టాలనూ పరదేశులకు చూపింది. మాది బిట్రగుంట. ఆవిరి యంత్రాల కాలంలో ఇక్కడి లోకోషెడ్డులో ఇంజన్లకు బొగ్గూ నీళ్ళూ పట్టి, మసి కడిగి, మదరాసు-బెజవాడ బళ్ళను సాగనంపినవారు ఎందరో. ఆ పోస్టర్లలో బొగ్గుపార లేదు. ఉండాలనీ అనను, ప్రకటన ప్రకటనే. అదే దేశమని ముందు పరదేశి, తరువాత మనమూ నమ్మడం మీదనే నా అభ్యంతరం.

కోనసీమ విషయంలో జరిగింది మరీ అన్యాయం. కేరళ 1980ల చివర "దేవుడి సొంత దేశం"గా చాటుకోవడం మొదలుపెట్టాక మన కొబ్బరితోటలు "ఆంధ్రా కేరళ" అయిపోయాయి. ఆ పచ్చదనం ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట నీటిది, తరతరాల రైతుల చెమటది. 1995 జనవరిలో పాశర్లపూడి చమురుబావి పేలి రెండు నెలలకు పైగా మండింది ఆ తోటల నడుమనే. 1996 నవంబరు తుపాను నేలకూల్చిందీ ఆ చెట్లనే. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయిందీ అక్కడే. బొమ్మ చూసి వచ్చినవాడికి ఇవేవీ తెలియవు. తన వాకిట పాతిన గొట్టం ఎంత పాతదని అడిగే కోనసీమవాసి ఆ బొమ్మకు అడ్డు.

పర్యాటకం వల్ల నలుగురికి కూడు దొరుకుతుంది కదా అంటారు. దొరకనీయండి, కాదనను. మా దక్షిణాన నేలపట్టు చెరువుంది. గూడబాతుల రెట్ట కలిసిన నీరు పొలానికి బలమని ఊరివాళ్ళు ఆ పక్షులను తరాలుగా కాపాడుకొచ్చారు. ఈ మాట చెప్పి పిలిస్తే జనం రారా? దానికింకా "ఆంధ్రా భరత్‌పూర్" అన్న బోర్డు పెట్టినట్టు లేరు. పెట్టేలోగా వెళ్ళి చూసి రండి.