మూతి పేలితే సున్నమా?



మూతి పేలడానికి ఒంట్లో వేడే కారణమనీ, సున్నం రాస్తే మాడిపోతుందనీ మీ పత్రిక గత సంచికలో రాశారు. ఒప్పుకోలేను. దానికి కారణం హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. చాలామందికి చిన్నప్పుడే సోకి నరాల్లో దాగి ఉంటుంది. జ్వరమో, ఎండో, అలసటో తగిలినప్పుడు లేస్తుంది. సున్నం రాస్తే మా అమ్మాయి పెదవి కాలింది. పది రోజుల్లో మానాల్సిన పుండుకు నెల పట్టింది.

పొక్కు లేవకముందే పెదవి అంచు చిమచిమలాడుతుంది. ఎసైక్లోవిర్ మందు బాగా పనిచేసేది అప్పుడే. డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి. పొక్కు ముట్టుకున్న చేత్తో కన్ను నులుముకోకూడదు. పురిటి బిడ్డను చూడబోయేవారిని మరీ మరీ వేడుకుంటున్నాను, మూతి పేలి ఉంటే ముద్దు పెట్టకండి. నెల నిండని పసికందుకు ఈ వైరస్ ప్రాణం మీదికి తెస్తుంది.

— ఒక పాఠకురాలు, ఒంగోలు